మంచి రోజుకని దాచిన వాల్వు

మస్లీనా చలికాలమంతా ఒడ్డునే ఉంది. బెటినా రేవు పక్కన పడవలు బాగుచేసే యార్డులో ఆరు ఇనుప కాళ్ళ మీద నిలబడి, పొట్ట కింద పడుకునే కుక్కలకు నీడ ఇస్తూ ఉంది. ఆ తెరచాప పడవ వయసు ముప్పై ఎనిమిదేళ్ళు. తోంకా కంటే పద్నాలుగేళ్ళు పెద్దది. "నీకు అక్క వరస అవుతుంది, కాస్త మర్యాదగా చూడు" అని తోంకా మామగారు క్రషెవాన్ ఎప్పుడూ అంటుండేవాడు. తోంకా మర్యాదగానే చూసేది. పైనుంచి కింది దాకా, ఒక్కో మేకునూ విడిగా, చాలా భయంగా చూసేది.

పెళ్ళికి ముందు ఆమెకు ఇంత భయం లేదు. చదువు మధ్యలో ఆపేసి, చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో మూడేళ్ళు కత్తుల మధ్య పనిచేసిన పిల్ల. కానీ అంజా పుట్టి, పద్నాలుగో నెలలో నడక మొదలుపెట్టాక, తోంకా కళ్ళకు లోకంలో అంచులు, కన్నాలు, వేడి గిన్నెలు తప్ప ఇంకేమీ కనపడటం లేదు. అలాంటి మనిషికి పాత పడవ చూపిస్తే ఏం కావాలి? పడవలో ఉన్నవే అవి మూడూ.

అయినా ఎక్కక తప్పదు. జూన్ రెండో ఆదివారం అంజాకి జిర్యే దీవిలో జ్ఞానస్నానం. తోంకాకి జరిగిన చర్చిలోనే, అదే రాతి తొట్టి దగ్గర. దగ్గరి పట్నం షిబెనిక్ నుంచి జిర్యేకి ఫెర్రీ తిరుగుతుంది. ఆ మాట ఒకసారి భోజనాల దగ్గర అంటే క్రషెవాన్ చేతిలో చెంచా కింద పెట్టేశాడు.

"ఫెర్రీయా," అన్నాడు. "ఇంట్లో పడవ పెట్టుకుని, సంచులు చంకన వేసుకుని, టూరిస్టుల వెనకాల వరసలో దిగుతామా? మీవాళ్ళంతా రేవులో నిలబడి చూస్తుంటే? ముందు నన్ను పాతిపెట్టండి, తర్వాత ఎక్కండి ఫెర్రీ."

"మామయ్యా, పాపకి ఏదన్నా అయితే..."

"ఏమవుద్ది? మీ ఆయన ఆ పడవలో పళ్ళు మొలిపించుకున్నాడు. అడుగు వాణ్ణి."

తోంకా భర్త షీమే నోటినిండా చేపల పులుసుతో తలూపాడు. వాడికి నాన్న మాట కాదనడమూ రాదు, పెళ్ళాం మాట కాదనడమూ రాదు. అందుకని ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ వైపు తిరిగి తలూపేవాడు.

చలికాలమంతా తండ్రీ కొడుకులు పడవలో అరిగిన సామాను మారుస్తూనే ఉన్నారు. మార్చడమంటే క్రషెవాన్ పద్ధతిలో మార్చడం. తెరచాప కొయ్యను పట్టి ఉంచే తీగల్లో పోగులు లేచి షీమే అరచెయ్యి చీరేస్తే గానీ కొత్త తీగలు రాలేదు. తీసిన పాత తీగలు ఇంటి కింద కొట్లోకి పోయాయి. ఆ కొట్లో దోసకాయ ఊరగాయ సీసాలు మూడు వరసల్లో ఉండేవి. మొదటి వరస మీద "పనికొస్తుంది" అని రాసి ఉంటుంది, రెండో వరస మీద "పనికొస్తుందేమో" అని. మూడో వరస సీసాల మీద "పనికిరాదు" అని రాసి ఉంటుంది. వాటిని కూడా క్రషెవాన్ ఏటా దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టేవాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు తోంకా వాళ్ళకి భోజనం క్యారేజీ తీసుకుని యార్డుకి వెళ్ళింది. యార్డులో క్రేను నడిపే బర్తూల్ అక్కడే ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా పడవల పొట్టలు చూసినవాడు. తోంకా మొహం చూసి జాలిపడి, లోపలికి తీసుకెళ్ళి, వంట సింకు కింద తలుపు తీసి చూపించాడు.

"ఇదిగో అమ్మాయ్, నువ్వు భయపడాల్సింది ఇక్కడ. తీగ తెగితే తెరచాప పడుద్ది, అంతే. ఇది చూశావా, ఇది పడవ అడుక్కి పొడిచిన కన్నం. కన్నం మీద ఈ వాల్వు. వాల్వు విరిగితే, నువ్వు పొయ్యి మీద మాకరోనీ వేసి ఉప్పు చూసేలోపు మోకాళ్ళ దాకా నీళ్ళు."

"మరి బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"చూస్తే తెలీదు. కొట్టి వినాలి." చిన్న సుత్తి తీసి పడవలో ఉన్న నాలుగు వాల్వులనూ వరసగా తట్టాడు. మూడు ఖంగుమన్నాయి. సింకు కిందది మాత్రం తడి చెక్కను తట్టినట్టు దబ్బుమంది. "అవి కంచువి. ఇది ఇత్తడిది, ఎవరో మధ్యలో పెట్టారు. ఉప్పునీళ్ళు లోలోపల తినేశాయి. పైకి గుండ్రాయిలా ఉంటది, లోపల రస్కు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తోంకా జీవితంలో మొదటిసారి చెంచా కింద పెట్టింది. సింకు కింది వాల్వు మార్చేదాకా నా కూతురు ఆ పడవలో కాలు పెట్టదు, అంది. అందరూ ఆమె చెంచా వైపు చూశారు. మామగారు చెంచా కింద పెట్టడం వాళ్ళకు అలవాటే, ఇది కొత్త.

షీమే మర్నాడే వెళ్ళి కొత్త కంచు వాల్వు తెచ్చాడు. దాన్ని బల్ల మీద పెడితే ఇంట్లోకి పసిబిడ్డను తెచ్చినట్టయింది. ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నారు. బరువు చూశారు. పిడి అటూ ఇటూ తిప్పి, ఎంత మెత్తగా తిరుగుతోందో అనుకున్నారు. అత్తగారు బెపీనా దాని కింద అల్లిక గుడ్డ వేసింది.

"బంగారం ముద్దలా ఉంది," అన్నాడు క్రషెవాన్ దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని. "దీన్ని తీసుకెళ్ళి ఉప్పునీళ్ళలో పెట్టాలంటే మనసొప్పదురా."

తోంకా నవ్వింది. అక్కడ నవ్వకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఆ ఇంటి సంగతి ఆమెకు తెలుసు. ముందు గదిలో అద్దాల బీరువాలో పన్నెండు బంగారు అంచు కప్పులు ముప్పై ఏళ్ళుగా కాఫీ మొహం చూడకుండా కూర్చుని ఉన్నాయి. సోఫాకి కొన్నరోజు వేసిన ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యలేదు. పెళ్ళికి ఎవరో ఇచ్చిన చెంచాలు రిబ్బను కట్టి అలాగే ఉన్నాయి. బెపీనా పిడి ఊడిన గిన్నెలో వండుతుంటే, కొత్త గిన్నెలు అట్టపెట్టెలో ముసలివైపోతున్నాయి. ఏది కొన్నా మంచి రోజుకని దాచేవాళ్ళు. ఆ మంచి రోజు ఎలా ఉంటుందో మాత్రం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఏప్రిల్‌లో క్రషెవాన్ పని అయిపోయిందన్నాడు. తోంకా వెళ్ళి సింకు కింద తొంగి చూసింది. వాల్వు తళతళా మెరుస్తోంది. ఆమెకు అక్కడే కూర్చుని ఏడవాలన్నంత హాయి అనిపించింది. చూసింది గానీ కొట్టి వినలేదు.

జ్ఞానస్నానం ముందు రోజు శనివారం పొద్దున పది గంటలకు పడవను నీళ్ళలోకి దించాలని ముహూర్తం. మగవాళ్ళిద్దరూ యార్డుకి వెళ్ళారు. తోంకా అంజాకి అరటిపండు మెత్తగా చేసి పెడుతోంది.

"అమ్మాయ్," అని పిలిచింది బెపీనా ముందు గదిలోంచి. "రేపు చుట్టాలొస్తారు. బీరువాలో కప్పులు తీసి తుడువు."

"వాటిలో ఇద్దామా కాఫీ?" అంది తోంకా ఆశ్చర్యంగా.

"వాటిలో ఎందుకు ఇస్తాం? తుడువు. చుట్టాలు బీరువా వైపు చూస్తారు కదా."

తోంకా ఒక్కో కప్పూ తీసి తుడిచి పక్కన పెట్టింది. పదకొండో కప్పు వెనకాల ఏదో బరువుగా, క్రిస్మస్ నేప్‌కిన్‌లో చుట్టి ఉంది. నేప్‌కిన్ మీద గంటల బొమ్మలు. విప్పింది. లోపల కొత్త కంచు వాల్వు, అమ్మిన వాళ్ళ చీటీతో సహా.

కాసేపు ఆమెకు ఇల్లు పక్కకు ఒరిగినట్టనిపించింది.

"అత్తయ్యా, ఇదేంటి?"

"అదా. మీ మామయ్య పెట్టాడు. వేలిముద్రలు పడతాయి, నేప్‌కిన్‌తో పట్టుకో."

"ఇది ఇక్కడుంటే పడవలో ఉన్నదేంటి?"

"పాతదే. వెనిగర్, ఉప్పు, పిండి కలిపి రెండు రోజులు రుద్దాడు పాపం. నా మంచి బ్రష్షు పాడుచేశాడు. కొత్తదానికేం తక్కువ కాకుండా వచ్చింది. చూశావు కదా నువ్వు కూడా."

"మీకు తెలిసి కూడా చెప్పలేదా?"

"నువ్వు అడగలేదుగా," అంది బెపీనా. "అయినా అంత మంచి వస్తువు సింకు కింద, చీకట్లో, ఎవరికి కనపడుద్ది?"

గోడ మీద గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

తోంకా అంజాని తోపుడు బండిలో కూర్చోబెట్టి, వాల్వును దాని ఒళ్ళో పెట్టి, ఇంట్లో చెప్పులతోనే బయటపడింది. గుమ్మంలోంచే షీమేకి ఫోన్ చేస్తే వంటింటి బల్ల మీద మోగింది. మర్చిపోయి వెళ్ళాడు. సందులో రాళ్ళ మీద బండి చక్రాలు దడదడలాడుతుంటే అంజాకి ఆనందం పట్టలేక వాల్వును రెండు చేతులా పట్టుకుని పిడిని నాకడం మొదలుపెట్టింది. రొట్టెల కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

"ఎక్కడికే తోంకా, అంత పరుగు? జ్ఞానస్నానం రేపు కదా?"

"ఇంట్లో వాల్వు దొరికింది," అంది తోంకా ఆగకుండా.

"నీళ్ళ పైపు పగిలినట్టుంది పాపం," అనుకున్నారు వాళ్ళు.

ఆమె వెళ్ళేసరికి మస్లీనా గాల్లో ఉంది. పెద్ద క్రేను దాని పొట్ట కింద రెండు పట్టీలు వేసి, ఉయ్యాల్లో బిడ్డను ఎత్తినట్టు ఎత్తి, నీళ్ళకు మూరెడు పైన ఆపింది. బర్తూల్ మీట దగ్గర నిలబడ్డాడు. క్రషెవాన్ గట్టు అంచున మంచి చొక్కా వేసుకుని నిలబడ్డాడు. పట్టీకి పసుపుపచ్చ పూలకొమ్మ కట్టి ఉంది.

"దించకండి," అంది తోంకా. ఆయాసంలో మాట సగమే వచ్చింది గానీ బర్తూల్ నలభై ఏళ్ళుగా ఆ సగం మాట కోసమే చెవులు రిక్కించి పనిచేస్తున్న మనిషి. మీట మీంచి చెయ్యి తీసేశాడు.

ఆమె అంజా ఒళ్ళోంచి వాల్వు తీసి పైకి పట్టుకుంది. ఎండలో అది మెరిసింది. పిడి అంతా అరటిపండు.

షీమే దాన్ని చూశాడు. పడవ వైపు చూశాడు. నాన్న వైపు చూశాడు. "ఇది ఇక్కడుంటే," అన్నాడు నెమ్మదిగా, "నేను బిగించింది ఏంటి?"

"నేనిచ్చింది నువ్వు బిగించావు," అన్నాడు క్రషెవాన్.

"కొత్తదనుకుని బిగించాను నాన్నా."

"కొత్తదానిలా లేదూ? అదీ పనితనం అంటే."

"మామయ్యా," అంది తోంకా. "ఎందుకు చేశారిలా?"

క్రషెవాన్ మంచి చొక్కా కాలరు సర్దుకున్నాడు. "చూడు తల్లీ. ఇన్నేళ్ళు ఒక్క చుక్క కారనిదాన్ని, ఏ తప్పూ చెయ్యనిదాన్ని, ఎట్లా పీకి పారేస్తాం? కొత్తది ఎక్కడికీ పోదుగా. మంచి రోజుకి ఉంటదని దాచాను."

"ఏ రోజు అది?"

"ఇది పాడైన రోజు."

"ఇది పాడయ్యేది నీళ్ళ మధ్యలో మామయ్యా. కొత్తది ఇంట్లో కప్పుల వెనకాల ఉంటుంది."

బర్తూల్ క్రేను పక్కనుంచి దగ్గాడు. క్రషెవాన్ ఏదో అనబోయాడు. తోంకా అంజాని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టేసింది. మనవరాలు చేతుల్లో ఉండగా ఆయన ఎవరితోనూ పోట్లాడలేడు, అది పట్టి లాగే ముక్కు కాపాడుకోవడానికే సరిపోతుంది. తర్వాత బర్తూల్ నడుముకి వేలాడుతున్న చిన్న సుత్తి అడిగి తీసుకుని, గట్టు మీంచి పడవకి ఆనించిన నిచ్చెన ఎక్కింది. గాల్లో ఊగుతున్న పడవ. కింద పచ్చటి నీళ్ళు. అసలైతే ఆమె కాళ్ళు ఆ నిచ్చెన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవాలి. ఆ రోజు వాటికి ఆగాలన్న సంగతి గుర్తు రాలేదు.

షీమే వెనకే ఎక్కాడు. క్రషెవాన్ కూడా అంజాతో సహా ఎక్కబోతే తోంకా పైనుంచి, "పాప ఎక్కదు," అంది. ఆయన అంజాని బర్తూల్‌కి అప్పగించి పైకి వచ్చాడు.

ముగ్గురూ సింకు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. తోంకా తట్టింది. దబ్బుమంది.

"విన్నారా?"

"కాస్త జలుబు చేసినట్టుంది," అన్నాడు క్రషెవాన్. "అంతమాత్రానికే మనిషిని తీసేస్తామా? నేనూ దగ్గుతా పొద్దున్నే."

"స్పానర్ పెట్టు షీమే," అంది తోంకా.

షీమే నాన్న వైపు తిరిగి తలూపబోయి, మధ్యలో ఆగి, పెళ్ళాం వైపు తిరిగి తలూపాడు. స్పానర్ బిగించి భుజం ఆనించాడు. పెద్దగా బలం కూడా పెట్టలేదు. రస్కు విరిగినట్టు చిన్న చప్పుడు. పిడితో సహా పై సగం అతని చేతిలోకి వచ్చేసింది.

అందరూ విరిగినచోట చూశారు. బయట బంగారంలా మెరుస్తున్న ఇత్తడి, లోపల మాత్రం ఉప్పేసి ఎండబెట్టి పలచగా కోసిన ప్రషూత్ పంది మాంసం ముక్కలా గులాబీ రంగులో ఉంది. షీమే వేలితో తాకితే పొడిపొడిగా రాలింది.

మిగిలిన ముక్కను కూడా ఊడదీశాక అడుగున గుండ్రటి కన్నం మిగిలింది. క్రషెవాన్ వంగి, ఒక కన్ను మూసి, రెండో కన్ను దానికి ఆనించాడు. అలాగే చాలాసేపు ఉన్నాడు.

"ఏం కనపడుతోంది నాన్నా?" అన్నాడు షీమే.

"సముద్రం," అన్నాడు క్రషెవాన్.

"ఎంత దూరంలో ఉంది?"

"దగ్గర్లోనే." ఇంకాసేపటికి, "చేపపిల్లలు కూడా ఉన్నాయి," అన్నాడు.

లేచి కూర్చున్నాక ఆయన మొహంలో రంగు లేదు. తోంకా వైపు చూడకుండా చెయ్యి చాపాడు. ఆమె కొత్త వాల్వు ఆ చేతిలో పెట్టింది. ఆయన మంచి చొక్కా చేతులు పైకి మడిచి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, మరలకు జనపనార చుట్టి, పేస్టు పూసి, తనే బిగించడం మొదలుపెట్టాడు. ఈలోపు బెపీనా తుడుపు గుడ్డ చేతిలోనే పెట్టుకుని వగరుస్తూ యార్డుకి వచ్చింది. గట్టు మీద నిలబడి, "తుడిచి పెట్టండి, దాని నిండా అరటిపండు," అని కేకేసింది.

"క్రషెవాన్," అన్నాడు బర్తూల్ కింది నుంచి. "నా వెనక ఇంకా మూడు పడవలు వరసలో ఉన్నాయి. నువ్వు అక్కడ పెళ్ళి చేస్తున్నావా ఏంటి?"

"ఉండవయ్యా. మంచి పని కాస్త నెమ్మదిగానే జరుగుద్ది."

"సరే, నేను భోంచేస్తా." బర్తూల్ క్రేను నీడలో కూర్చుని రొట్టె తీశాడు. అంజాకి ఒక ముక్క ఇచ్చాడు. వరసలో ఉన్న మూడు పడవల వాళ్ళూ వచ్చి విరిగిన ముక్కను చేతులు మార్చుకుంటూ చూశారు. ఒకాయన సుత్తి అప్పు తీసుకుని తన పడవ వైపు వెళ్ళాడు.

పడవ నీళ్ళలోకి దిగేసరికి పన్నెండు దాటింది. పట్టీలు వదలక ముందే తోంకా సింకు కింద తల దూర్చి, టార్చి పట్టుకుని పడుకుంది. పది నిమిషాలు కదల్లేదు. వాల్వు చుట్టూ వేలు తిప్పింది. పొడిగా ఉంది. మళ్ళీ తిప్పింది. ఇంకా పొడిగానే ఉంది. సుత్తితో తట్టింది. చర్చి గంటల్లో పిల్ల గంటలా ఖంగుమని, ఆ మోత పడవంతా పాకింది. పైన గట్టు మీద అంజా చప్పట్లు కొట్టింది.

ఆదివారం పొద్దున గాలి మెత్తగా ఉంది. అంజా తెల్లగౌను మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని, తల్లి చంకలో ఉంది. క్రషెవాన్ పడవలో నిలబడి చేతులు చాపాడు. తోంకా వెంటనే ఇవ్వలేదు. ఆయన చేతుల వైపు చూసింది, పడవ వైపు చూసింది.

ఆయనకు అర్థమైంది. జేబులోంచి చిన్న సుత్తి తీశాడు. అంజా పట్టుకోబోయే కమ్మీ తట్టి, తల వంచి విన్నాడు. దాని పక్కదీ తట్టాడు. కూర్చునే చోటు కింది బోల్టు తట్టాడు. ఆఖరికి తన మోకాలు కూడా తట్టుకున్నాడు.

"ఇదొక్కటే కాస్త అనుమానం," అన్నాడు. "దీనికి కొత్తది దొరకదు. మిగతావన్నీ మోగుతున్నాయి తల్లీ, ఇవ్వు."

తోంకా కూతుర్ని ఆయన చేతుల్లో పెట్టింది. తర్వాత తనూ ఎక్కి, అంజా నడుముకి కట్టిన తాడు రెండో కొసను తన నడుముకి కట్టుకుంది. షీమే పడవ కట్లు విప్పాడు. రేవు వెనక్కి జరగడం మొదలైంది.

"ఆ ముక్క ఏం చేశారు మామయ్యా?" అంది కాసేపటికి.

"ఏ ముక్క?"

"విరిగిన ముక్క. నిన్న పారేస్తానన్నారు."

క్రషెవాన్ తెరచాప వైపు తదేకంగా చూశాడు. "మూడో వరసలో పెట్టా," అన్నాడు.

తోంకా రుమాలు కోసం సంచిలో చెయ్యి పెడితే రెండు కాగితాలు బయటికి వచ్చాయి. ఆమె దాచేలోపు అవేంటో ఆయన చూశాడు. షిబెనిక్ నుంచి జిర్యేకి ఫెర్రీ టిక్కెట్లు, ఆ రోజు తేదీతోనే.

"ఓహో," అన్నాడు ముసలాయన. "ముందే కొనిపెట్టుకున్నావన్నమాట."

"మొన్నే కొన్నాను."

"ఇంకెందుకవి, పడేయ్ నీళ్ళలో."

తోంకా టిక్కెట్ల వైపు చూసింది. వాటిని జాగ్రత్తగా మడిచి, సంచి లోపలి అరలో పెట్టి జిప్పు వేసింది.

"ఉండనివ్వండి మామయ్యా," అంది. "ఎప్పుడన్నా పనికొస్తాయేమో."